నమూనా రైళ్ల శిల్పి – జాన్ అలెన్

నక్కపల్లికి చేరువలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక గ్రామం లక్కబొమ్మలకు ప్రసిద్ధి కెక్కింది. అక్కడి చేతిపనివారు మెత్తని అంకుడు కర్రను లేతుపై తిప్పుతూ ఉలితో నునుపు చేస్తారు. ఆకులు, బెరళ్లు, గింజల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కను, తిరుగుతున్న ఆ కర్రకు ఆనించి పట్టుకుంటారు. రాపిడి వేడికి లక్క కరిగి, అద్దంవలె మెరిసే పూత ఏర్పడుతుంది. బొంగరాలు, ఎడ్లబండ్లు, దేవతామూర్తులతో పాటు చిన్నపిల్లలు లాగి ఆడుకునే పొగబండి బొమ్మలు కూడా ఆ చేతులలో రూపుదిద్దుకుంటాయి. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పొగబండికి మెరుపే అందం. దానిపై గీత పడినా, రంగు వెలిసినా కొనేవారు పక్కన పెట్టేస్తారు.

ఇందుకు పూర్తిగా విరుద్ధమైన మార్గాన్ని ఎంచుకున్న నమూనా శిల్పి ఒకరు గత శతాబ్దంలో అమెరికాలో ఉండేవారు. కొత్తగా మెరిసిపోతున్న చిన్న రైలుపెట్టెకు దుమ్ము, మసి, తుప్పు అద్ది, అది ఎన్నో ఏళ్లుగా ఎండలో వానలో పట్టాలపై తిరిగినదేమో అనిపించేటట్లు చేయడం ఆయన విద్య. ఆయన పేరు జాన్ విట్‌బీ అలెన్. నమూనా రైళ్లు నిర్మించేవారిలో ఆయన పేరు వినని వారు అరుదు.

రైలు నమూనాల వినోదం అలెన్‌తో మొదలైనది కాదు. జర్మనీలో మార్క్లిన్ సంస్థ 1891 నాటికే బొమ్మ రైళ్ల పట్టాల వెడల్పులకు కొన్ని ప్రమాణాలు ఏర్పరచింది. అమెరికాలో జాషువా లయొనెల్ కోవెన్ 1900లో స్థాపించిన సంస్థ విద్యుత్తుతో నడిచే బొమ్మ రైళ్లను ఇంటింటికీ చేర్చింది. ఇంగ్లండులో ఫ్రాంక్ హోర్న్‌బీ 1920లో తగరపు రేకు రైళ్లను విపణిలోకి తెచ్చాడు. ఇవన్నీ బాలుర కోసం చేసిన బొమ్మలు. ఎర్రగా, పచ్చగా, నిగనిగలాడుతూ ఉండేవి. క్రమంగా పెద్దవారు కూడా ఈ వినోదంలోకి దిగారు. నిజమైన రైలును కొలిచి, లెక్కకట్టి, అదే నిష్పత్తిలో తగ్గించి నిర్మించాలన్న పట్టుదల వారిది. 1934లో మోడల్ రైల్‌రోడర్ అనే మాసపత్రిక వెలువడింది. మరుసటి ఏడాది నమూనా రైళ్ల నిర్మాతల జాతీయ సంఘం ఏర్పడింది. అయితే కొలతలు కచ్చితమైనా, ఆ నాటి నమూనాలలో ఎక్కువ భాగం అప్పుడే రంగుల గది నుంచి బయటకు వచ్చినట్లు కనిపించేవి.

జాన్ అలెన్ 1913 జూలై 2వ తేదీన మిస్సోరీ రాష్ట్రంలోని జాప్లిన్ పట్టణంలో జన్మించారు. బాల్యంలో సోకిన రుమాటిక్ జ్వరం ఆయన గుండెను శాశ్వతంగా బలహీనపరచింది. పరుగులు తీసే ఆటలు, శ్రమతో కూడిన వృత్తులు ఆయనకు దూరమయ్యాయి. పెద్దవాడై ఛాయాగ్రహణాన్ని వృత్తిగా స్వీకరించారు. మనుషుల ముఖచిత్రాలు తీయడంలో నేర్పు సంపాదించారు. వెలుతురు ఒక ముఖం మీద ఎక్కడ పడితే ముడత కనబడుతుందో, ఎక్కడ పడితే మాయమవుతుందో తెలిసిన కన్ను ఆయనది. ఆ తరువాతి కాలంలో ఆయన సాధించిన దానికి ఈ కన్నే ఆధారమయింది.

వృత్తిలోని ఆదాయాన్ని, చేతనున్న ధనాన్ని ఆయన వివేకంతో పెట్టుబడులుగా మార్చుకున్నారు. దాని ఫలితంగా నడివయసు రాకమునుపే వృత్తి నుంచి విరమించుకోగలిగారు. సముద్రతీరాన ఉన్న మాంటెరే పట్టణంలో స్థిరపడ్డారు. ఆరోగ్యం అంతంత మాత్రమైన మనిషి, తీరిక దొరికిన మనిషి, తన మిగిలిన జీవితాన్ని ఒక బొమ్మ రైలుమార్గానికి అంకితం చేయడం లోకానికి వింతగా తోచవచ్చు. నాలుగు గంటల వినోదం వేరు, పాతికేళ్ల వ్రతం వేరు. అలెన్ ఎంచుకున్నది రెండవది.

ఆయన పని చేసిన కొలత నిజానికి ఎనభైయేడవ వంతు. ఆరడుగుల మనిషి ఈ లోకంలో రెండు సెంటీమీటర్లకు కాస్త పైగా ఉంటాడు. నలభై అడుగుల సరకు పెట్టె పద్నాలుగు సెంటీమీటర్లలో ఇమిడిపోతుంది. ఎనభైయేడు అడుగుల పొడవైన కర్మాగారం ఒక్క అడుగులో నిలుస్తుంది. తలుపు గొళ్లెం ఆవగింజలో సగం కూడా ఉండదు. ఇంత చిన్న వస్తువులను మార్కెట్లో కొని తెచ్చుకోవడం కంటె, పుల్లలు, అట్టలు, రేకులు కోసి తానే నిర్మించుకోవడం అలెన్‌కు ఇష్టం. ఆయన నిర్మించిన ఇంజన్ షెడ్డు ఒకటి 1940ల చివరలో మోడల్ రైల్‌రోడర్ పత్రిక పోటీలో బహుమతి పొంది, ఆయన పేరును దేశమంతటా వ్యాపింపజేసింది.

ఇంజన్ షెడ్డు ఒక రైల్వే మార్గంలో అన్నింటికంటె మురికి పట్టే భవనం. బొగ్గుతో నడిచే ఇంజను లోపలికి వచ్చి నిలిచినప్పుడు దాని పొగగొట్టం పైకప్పులోని రంధ్రం కిందకు చేరుతుంది. పొగలో అధిక భాగం ఆ రంధ్రం నుంచి పోతుంది, మిగిలినది దూలాలకు పడుతుంది. అందుచేత దూలాల అడుగుభాగం నల్లగానూ, గోడల పైభాగం బూడిద వన్నెలోనూ, గోడల కిందిభాగం నూనె మరకలతోనూ ఉంటాయి. వానకు తడిసిన పైకప్పు మసి ధారలుగా చూరు వెంట దిగుతుంది. కిటికీ అద్దాలలో ఒకటి రెండు పగిలి ఉంటాయి, వాటికి బదులుగా ఎవరో అట్టముక్క అడ్డుపెట్టి ఉంటారు. ఇదంతా కల్పన కాదు, కార్యకారణ సంబంధం. అలెన్ పద్ధతి అంతా ఈ సంబంధం మీదనే నిలిచింది. రంగు పూసిన కర్రపై యథేచ్ఛగా గోధుమరంగు చల్లితే అది మురికి పడిన బొమ్మ అవుతుంది గాని పాతబడిన భవనం కాదు.

ఈ పనిని ఆంగ్లంలో వెదరింగ్ అంటారు. ఎండకూ వానకూ ఓర్చినట్లు పాతబరచడం అని మన భాషలో చెప్పుకోవచ్చు. ఇందులోని మెలకువలు తెలుసుకోదగినవి. కొత్త కర్రపుల్లలను ముందుగా ఇనుప తీగల కుంచెతో పొడుగునా గీస్తారు. అందువల్ల కర్రలోని నారగీతలు పైకి తేలుతాయి. తరువాత సారాయిలో పలుచగా కలిపిన నల్లసిరాలో ముంచి తీస్తే, ఆ గీతలలో సిరా నిలిచి కర్ర వెండి బూడిద వన్నెకు తిరుగుతుంది. దానిపై వేసే రంగు అక్కడక్కడ పెచ్చులూడినట్లు ఉండాలి. రంగు దాదాపుగా తుడిచివేసిన పొడి కుంచెను అంచుల మీదుగా తేలికగా లాగితే అంచులు మాత్రమే తేరుకుంటాయి, పల్లాలు నీడలో ఉండిపోతాయి. సుద్దముక్కలను నూరిన పొడి దుమ్ముగా పనికివస్తుంది. మడతల రేకు పైకప్పుకు పలుచని లోహపు రేకును గాడులుపడేటట్లు ఒత్తుతారు. తుప్పు ముందుగా రేకులు ఒకదానిపై ఒకటి కలిసే చోట, మేకులు దిగిన చోట కనబడాలి. ఏమంటే నీరు నిలిచేది అక్కడే. ఇనుము, నీరు, ప్రాణవాయువు మూడూ కలిసిన చోటనే తుప్పు పుడుతుంది. మేకు నుంచి కిందికి జారిన సన్నని ఎర్రగీత ఎన్నో వర్షాకాలాల చరిత్రను ఒక్క క్షణంలో చెబుతుంది.

ఈ ప్రాంతపు విద్యార్థికి ఇవేమీ అపరిచితాలు కావు. అనకాపల్లి పరిసరాలలో బెల్లం వండే పాకలను చూసినవారికి, పొయ్యి వైపు ఉన్న తాటాకు ఎందుకు నల్లబడుతుందో, అవతలి వైపు తాటాకు ఎందుకు ఎండిన వరిగడ్డి రంగులో ఉంటుందో ఒకరు చెప్పనక్కరలేదు. కొత్తవలస నుంచి కిరండూల్ వరకు పోయే మార్గంలో ఇనుప ఖనిజం మోసే వ్యాగన్లకు ఎర్రమట్టి వన్నె దుమ్ము ఎంతగా పట్టి ఉంటుందంటే, అసలు రంగును వెదకి చూడవలసి వస్తుంది. తీరానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో ఇనుప గేట్లు ఉప్పుగాలికి త్వరగా తినివేయబడతాయి. చూడడం అందరికీ తెలుసు. చూసినదాన్ని ఎనభైయేడవ వంతులో తిరిగి రాయడం కష్టం.

అలెన్ స్థిరపడిన మాంటెరే కూడా అటువంటి ఊరే. అక్కడి సముద్రపు ఒడ్డున సార్డీన్ చేపలను డబ్బాలలో నింపే కర్మాగారాలు వరుసగా ఉండేవి. 1940ల ద్వితీయార్ధంలో చేపలు తగ్గిపోవడంతో ఆ పరిశ్రమ కూలిపోసాగింది. మడతల రేకు గోడలు, గొట్టాలు, చెక్క వంతెనలు ఉప్పుగాలిలో మూగగా తుప్పు పడుతూ నిలిచాయి. నవలాకారుడు జాన్ స్టైన్‌బెక్ 1945లో ప్రచురించిన కేనరీ రో నవలకు ఆ వీధే రంగస్థలం. పాతబడుతున్న పరిశ్రమలను చూడడానికి అలెన్ దూరదేశాలకు పోవలసిన అవసరం లేకపోయింది.

కొత్త వస్తువును మాసినట్లు చేయడం అప్పట్లో అందరికీ రుచించే పని కాదు. నెలల తరబడి శ్రమించి నున్నగా రంగు వేసిన ఇంజనుపై దుమ్ము పులమడమంటే చాలామందికి మనసొప్పదు. అయితే దీని వెనుక ఒక దృష్టిశాస్త్ర రహస్యం ఉంది. అడుగు దూరంలో ఉన్న నమూనాను చూడడం, ఎనభైయేడు అడుగుల దూరంలో ఉన్న నిజమైన వస్తువును చూడడంతో సమానం. దూరాన ఉన్న వస్తువు పెళపెళ మెరవదు, దాని రంగు గాలిలో కొంత వెలసినట్లు ఉంటుంది. కాబట్టి నమూనాపై ఉన్న మెరుపు, దాని చిన్నదనాన్ని వెంటనే పట్టిచ్చేస్తుంది. మెరుపు పోతే కన్ను మోసపోవడానికి సిద్ధమవుతుంది. అలెన్ వాదం పుస్తకాలలో కంటె ఆయన తీసిన ఛాయాచిత్రాలలోనే ఎక్కువ బలంగా కనిపించింది. 1946 నుంచి ఆయన వ్యాసాలు, చిత్రాలు మోడల్ రైల్‌రోడర్ పత్రికలో రాసాగాయి. వార్నీ అనే నమూనా రైళ్ల సంస్థ ప్రకటనలకు కూడా ఆయన చిత్రాలు తీశారు. కెమెరా కటకపు రంధ్రాన్ని సూదిబెజ్జమంతగా కుదించి, ఎక్కువసేపు వెలుతురు సోకనిచ్చి తీయడం వలన దగ్గరి పట్టా, దూరపు కొండ రెండూ స్పష్టంగా పడేవి. ఆ బొమ్మలను చూసిన పాఠకుడు, అవి ఒక గదిలోనివని తెలిసినా నమ్మడానికి తడబడేవాడు.

ఇటువంటి తడబాటు తెలుగు ప్రేక్షకులకు కూడా అనుభవంలోనిదే. 1957లో విడుదలైన మాయాబజార్ చలనచిత్రంలో కనిపించే ద్వారకానగరం చిన్న ఇళ్లు పేర్చి నిర్మించిన నమూనా. మాధవపెద్ది గోఖలే, కళాధర్‌ల కళాదర్శకత్వం, మార్కస్ బార్‌ట్లీ ఛాయాగ్రహణం దానిని నిజమైన పట్టణంగా మార్చివేశాయి. పసిఫిక్ సముద్రానికి ఆవల అలెన్ తన పట్టణాలను నిర్మిస్తున్న కాలం కూడా అదే. అయితే ద్వారక పౌరాణిక నగరం, దానికి వార్ధక్యం ఉండరాదు. అలెన్ పట్టణాలకు వార్ధక్యమే ప్రాణం.

ఆయన రైలుమార్గం పేరు గోర్ అండ్ డెఫీటెడ్. వినడానికి రెండు ఊళ్ల పేర్లవలె ఉన్నా, వేగంగా పలికితే రక్తసిక్తుడై ఓడినవాడు అనే అర్థం ఆంగ్లంలో స్ఫురిస్తుంది. శ్లేష మన ప్రబంధకవుల సొత్తు మాత్రమే కాదన్నమాట. ఆయన కొండల వరుసకు పెట్టిన పేరు ఏకిన్‌బ్యాక్. నడుము నొప్పి అని దాని లోపలి అర్థం. వంగి వంగి ఆ కొండలను కట్టినవారికి అది తగిన పేరే. ఈ రైలుమార్గాన్ని ఆయన మూడుసార్లు నిర్మించారు. మొదటిది ఒక బల్ల మీద పట్టేంత చిన్నది. రెండవది దాని విస్తరణ. మూడవది 1950లలో మాంటెరేలోని స్వగృహపు నేలమాళిగలో ప్రారంభమై, ఆయన మరణం వరకు పెరుగుతూ వచ్చింది. మొదటి చిన్న మార్గాన్ని పారవేయక, ఆయన మూడవ దానిలో ఒక భాగంగా ఇమిడ్చారు.

ఆ నేలమాళిగలో కొండలు నేల నుంచి పైకప్పు వరకు లేచి ఉండేవి. తీగవల మీద సున్నపుపిండి వంటి ప్లాస్టర్‌ను పోసి, ఆరిన తరువాత రాతి పొరలను చెక్కేవారు. చూడవచ్చినవారు బల్ల చుట్టూ నిలబడి చూడడం కాక, లోయల మధ్య నడిచేవారు. గది హద్దులు తెలియకుండా అక్కడక్కడ అద్దాలు అమర్చారు. వెనుక ఉన్న భవనాలను ముందున్న వాటికంటె చిన్న కొలతలో నిర్మించి దూరాన్ని కల్పించారు. లోయలపై నిలిచిన సన్నని చెక్క వంతెనలు, రేవు పట్టణం, కొలిమిలు, నీటి తొట్టెలు, పాతబడిన గిడ్డంగులు ఆ లోకంలో ఉండేవి. అమెరికాలోని ప్రధాన మార్గాల నుంచి ఆవిరి ఇంజన్లు 1960 నాటికి దాదాపుగా అంతరించాయి. అలెన్ నేలమాళిగలో మాత్రం అవి పొగచూరిన దేహాలతో తిరుగుతూనే ఉన్నాయి.

వాస్తవికత కోసం ఇంత తపించిన మనిషి హాస్యాన్ని వదులుకోలేదు. యార్డులో పెట్టెలను అటూ ఇటూ లాగే ఇంజనుకు బదులుగా ఎమ్మా అనే రాక్షసబల్లిని నియమించి, దానికి అంకెగా పదమూడు కేటాయించారు. నిజానికి కట్టుబడినవారిలో కొందరికి ఇది నచ్చలేదు. గంభీరమైన కావ్యంలో విదూషకుని చొప్పించినట్లు వారికి తోచి ఉండవచ్చు. కాని నాటకం చూసినవారికి విదూషకుడు ఎందుకు అవసరమో తెలుసు.

కట్టిన రైలుమార్గాన్ని చూపుకు మాత్రమే ఉంచడం అలెన్‌కు సమ్మతం కాదు. మిత్రులను పిలిచి, ఒకరిని గార్డుగా, మరొకరిని డ్రైవరుగా, ఇంకొకరిని నియంత్రణాధికారిగా నియమించి, వేగంగా తిరిగే గడియారాన్ని పెట్టుకొని కాలపట్టిక ప్రకారం రైళ్లు నడిపేవారు. ఏ కర్మాగారానికి ఏ సరకు పెట్టె చేరాలో లెక్క ఉండేది. ఈ లెక్క వల్లనే ఆ కర్మాగారాలు అలంకారాలుగా మిగలకుండా రైలు రాకపోకలకు కారణాలయ్యాయి. బొగ్గు దించే చోట బొగ్గుపొడి పడి ఉండడానికి, గిడ్డంగి తలుపు వద్ద చెక్క అరిగి ఉండడానికి అర్థం అక్కడ దొరికేది. కొద్దిపాటి పట్టాలపై పెట్టెలను తక్కువ కదలికలతో సరైన వరుసలో చేర్చే టైమ్‌సేవర్ అనే చిక్కుప్రశ్నను కూడా ఆయన రూపొందించారు. 1972లో ప్రచురితమైన ఆ ప్రశ్న నేటికీ నమూనా రైళ్లవారిని తల గోక్కునేటట్లు చేస్తుంది.

ఆ పాటికి మూడవ రైలుమార్గం పూర్తికి చేరువయింది. బాల్యం నుంచి వెంట వచ్చిన గుండె బలహీనత మాత్రం ఆగలేదు. 1973 జనవరి 6వ తేదీన గుండెపోటుతో జాన్ అలెన్ మరణించారు. అప్పటికి ఆయన వయసు 59 సంవత్సరాలు. యజమాని లేని ఆ ఇంట్లో అదే నెలలో అగ్నిప్రమాదం సంభవించింది. కొండలు, వంతెనలు, రేవు, ఇంజన్లు, రెండు దశాబ్దాల శ్రమలో అత్యధిక భాగం కొద్ది గంటలలో బూడిద అయింది. కుంచె కొనతో చుక్కచుక్కగా మసిని అద్దిన చేతిపనిని నిజమైన మసి కప్పివేసింది.

మిగిలినవి ఛాయాచిత్రాలు, వ్యాసాలు, మంటకు చిక్కని కొన్ని నమూనాలు. మోడల్ రైల్‌రోడర్ పత్రికకు చాలాకాలం సంపాదకులుగా ఉన్న లిన్ వెస్ట్‌కాట్ వాటిని సేకరించి అలెన్ కృషిపై ఒక గ్రంథం రచించారు. అది 1981లో వెలువడే నాటికి వెస్ట్‌కాట్ కూడా కన్నుమూశారు. అలెన్ ప్రభావం కింద పెరిగిన జార్జి సెల్లియోస్ 1967లో నెలకొల్పిన ఫైన్ స్కేల్ మినియేచర్స్ అనే సంస్థ, అలెన్ కట్టిన ఇంజన్ షెడ్డును ఎవరికి వారు కట్టుకోవడానికి వీలుగా విడిభాగాల పెట్టెగా అమ్మింది. పెట్టె తెరిస్తే కనబడేది తెల్లని కొత్త కర్రపుల్లలు, అచ్చు పోసిన చిన్న చిన్న లోహపు ముక్కలు, ఒక పటం. పొగ రంధ్రం చుట్టూ మసి ఎంత పట్టాలో, చూరు కింద నీటి చార ఎక్కడ దిగాలో కొన్నవారే చూసి తెలుసుకొని అద్దుకోవాలి.